పాత ఇంటి గోడలో కుట్టని తేనెటీగల గూడు: పెట్టెలోకి మార్చడం ఎలా?

పానగల్లు పాతిల్లు (నల్గొండ)

అందరికీ నమస్కారం. పానగల్లులో మా తాతల నాటి ఇల్లు ఉంది. రాయి, మట్టి అడుసు పెట్టి కట్టిన గోడలు, పైన సున్నం. ఉత్తరం గోడలో దర్వాజా పక్కన చిటికెన వేలంత సన్నటి గొట్టం ఒకటి బయటికి పొడుచుకొని ఉంటుంది. నల్లగా, ముట్టుకుంటే మైనంలా మెత్తగా ఉంటుంది. దాని అంచున ఎప్పుడు చూసినా ఐదారు చిన్న ఈగలు తలలు బయటకు పెట్టి కాపలా కాస్తుంటాయి. వేలు దగ్గరికి తెస్తే లోపలికి జరుగుతాయి తప్ప కుట్టవు. సున్నం వేయించే ప్రతిసారీ మా నాయనమ్మ ఆ గొట్టం చుట్టూ జానెడు మేర వదిలేయించేది.

ఇప్పుడు ఇంటి దూలాలు కుంగాయి. విప్పక తప్పదు. వానలు తగ్గాక పని మొదలుపెడదామని మేస్త్రీ అంటున్నారు. ఆ గూడును చంపకుండా ఎలా తీయాలి? ఎలాంటి పెట్టె కావాలి? తేనె మీద నాకు ఆశ లేదు. అవి బతికితే చాలు.

పాలెం కీటకశాస్త్రం (నాగర్‌కర్నూల్)

పానగల్లు గారూ, మీరు చెప్పిన గుర్తులు టెట్రాగోన్యులా ఇరిడిపెన్నిస్‌వి. కొండి లేని తేనెటీగల్లో మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఒళ్లు మొత్తం కలిపి 4 మిల్లీమీటర్లు. కొండి కురచబారి కుట్టడానికి పనికిరాకుండా పోయింది. ప్రపంచంలో ఇలాంటివి 500కు పైగా జాతులు ఉన్నాయి. చెట్టు తొర్రలు, రాళ్ల సందులు, పాత గోడలు, కరెంటు మీటరు పెట్టెలు, ఖాళీ ఇనుప గొట్టాలు, చీకటిగా పొడిగా ఉండే ఏ సందు దొరికినా గూడు పెడతాయి. మైనంలో చెట్ల జిగురు కలిపి గూడంతా కడతాయి. మీరు చూసే గొట్టం కూడా అదే.

గోడ ముట్టుకునే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మామూలు తేనెటీగల గూడు చెదిరితే రాణితో సహా లేచిపోయి ఇంకోచోట పట్టు పెట్టుకుంటాయి. వీటికి ఆ దారి లేదు. గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన రాణికి పొట్ట బాగా ఉబ్బి ఎగరలేదు. కొత్త గూడు పెట్టాలంటే ముందు కూలి ఈగలు పాత గూటి నుంచి జిగురు, తేనె మోసుకెళ్లి వారాల తరబడి ఇల్లు సిద్ధం చేస్తాయి. ఆ తర్వాతే ఒక పడుచు రాణి అక్కడికి వెళ్తుంది. ముసలి రాణి పుట్టింట్లోనే ఉంటుంది. కాబట్టి గోడ కూలిన రోజున ఆ రాణి రాళ్ల కింద పడితే ఆ గూడు అంతటితో సరి.

కాలం విషయంలో మీ మేస్త్రీ చెప్పింది మనకు కలిసొచ్చింది. అక్టోబరు, నవంబరు నెలల్లో రేగు, కంది, గడ్డిచామంతి పూలు ఉంటాయి, ఎండ తీవ్రత ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం గూడు విప్పవద్దు.

కల్వకుర్తి వడ్రంగి

పెట్టె గురించి నేను చెబుతాను. లోపలి కొలతలు పొడవు 10 అంగుళాలు, వెడల్పు 4, ఎత్తు 4. అంటే రెండున్నర లీటర్ల చోటు. ఈ ఈగకు ఇంతకన్నా పెద్దది ఇస్తే ఖాళీని కాపాడుకోలేక అలసిపోతుంది, చీమలు, పురుగులు చేరతాయి. చెక్క దళసరి అంగుళానికి తగ్గకూడదు. మన ఎండలకు అంగుళంన్నర ఉంటే మరీ మంచిది. ప్లైవుడ్ వద్దు. సన్నగా ఉంటుంది, తొందరగా వేడెక్కుతుంది, దాని జిగురు వాసన కూడా మంచిది కాదు.

పెట్టెను ఎత్తులో సగానికి రెండు ముక్కలుగా చేస్తాను. పైది 2 అంగుళాలు, కిందది 2 అంగుళాలు, రెండూ అచ్చంగా ఒకే కొలత. ఒకదాని మీద ఒకటి పెట్టి తాడుతో కట్టేస్తే చాలు, మేకు అవసరం లేదు. రేపు గూడు నిండినప్పుడు రెండూ విడదీసి చెరొక ఖాళీ ముక్క జత చేస్తే రెండు గూళ్లు అవుతాయి. ద్వారానికి పెన్సిల్ పట్టేంత రంధ్రం. లోపల రంగు, వార్నిష్ ఏదీ వేయకూడదు. బయట కావాలంటే గానుగ అవిసె నూనె ఒక పూత.

పానగల్లు అన్నా, మీ దూలాలు టేకువో వేపవో అయితే వాటిలోనే మంచి ముక్కలు ఏరి దాచిపెట్టండి. అంత ఎండిన కర్ర ఇప్పుడు డబ్బులు పెట్టినా దొరకదు. చెద మందు పూసిన కర్ర అయితే మాత్రం వద్దే వద్దు.

మిద్దెతోట (మహబూబ్‌నగర్)

మా మిద్దె మీద రెండు మట్టికుండల్లో ఇవి ఉన్నాయి. నేను చెప్పేది ఎండాకాలం గురించే, ఎందుకంటే మన దగ్గర ఇవి బతకడం, చావడం అక్కడే తేలుతుంది. కేరళలో వెదురు బొంగుల్లో, కొబ్బరి చిప్పల్లో, కుండల్లో తరతరాలుగా పెంచుతున్నారు. అక్కడి గాలిలో చెమ్మ ఉంటుంది, చెట్టు నీడ ఉంటుంది. పాలమూరులో మే నెలలో 42 డిగ్రీలు దాటాక మిద్దె మీది సిమెంటు రాత్రి పదింటికి కూడా చల్లబడదు. కాబట్టి కేరళ వీడియోలు చూసి పెట్టెను చెట్టుకు వేలాడదీస్తే సరిపోదు.

మార్చి రాగానే నా కుండలు మిద్దె దిగి వసారాలోకి వస్తాయి. ఉత్తరం వైపు గోడ, పైన రేకు లేని చోటు, గాలి ఆడాలి. కుండ చుట్టూ ఎండుగడ్డి చుట్టి, పక్కన తడి గోనె వేలాడదీస్తాను. గోనె కుండకు తగలకూడదు, బూజు పడుతుంది. చీమల కోసం స్టాండు కాళ్లకు నీళ్ల గిన్నెలు. ఇంత మాత్రం చేస్తే ఎండాకాలం గడుస్తుంది.

మిగిలిన కాలమంతా వాటిని చూడటమే నాకు పని. ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిదికి వెలుతురు తగలగానే బయలుదేరతాయి. తిరిగివచ్చే ఈగల వెనక కాళ్లకు ఒకదానికి లేత పసుపు ముద్ద, ఇంకోదానికి నారింజ ముద్ద, అంటే రెండూ రెండు వేర్వేరు పూల పుప్పొడి. అప్పుడప్పుడు గాజుముక్కలా మెరిసే బొట్టుతో ఒకటి వస్తుంది. అది పుప్పొడి కాదు, వీధి చివరి మామిడి చెట్టు జిగురు. గొట్టం అంచు మీద ఆ బొట్టును చిన్న చిన్న చుక్కలుగా పెట్టుకుంటాయి. చీమ కాలు పెట్టిందంటే అక్కడే అతుక్కుపోతుంది. మా అమ్మాయి భూతద్దం పెట్టుకొని గంటసేపు కదలకుండా కూర్చుంటుంది. పరీక్షలప్పుడు కూడా నేను వద్దనను.

ఇవి తిరిగేది దాదాపు అర కిలోమీటరు లోపే. ఆ పరిధిలో పూలు లేకపోతే పెట్టె ఎంత బాగున్నా లాభం లేదు. తులసి, సబ్జా, మునగ, దోస, కరివేపాకు, వీధిలో వేప, కానుగ. తులసి వెన్నులు తుంచేయకండి, పూయనివ్వండి.

కొత్తకోట యువరైతు (వనపర్తి)

చాలా ఉపయోగపడే సమాచారం. నాకు ఇందులో ఉపాధి కనిపిస్తోంది. ఈ తేనె ధర మామూలు తేనెకు ఎన్నో రెట్లు ఉంటుందని విన్నాను. యాభై పెట్టెలతో మొదలుపెడదామనుకుంటున్నాను. అడవి వైపు నుంచి తొర్ర గూళ్లను కొమ్మతో సహా కోసి తెచ్చి ఇస్తామని ఒకరు చెప్పారు. గూటికి ఎంత ఇవ్వవచ్చు?

అమ్రాబాద్ అంచున

తమ్ముడూ, ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

నేను మన్ననూరు దగ్గర బడిలో పాఠాలు చెబుతాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మా ఊరి గడప. అక్కడ కొమ్మ కొట్టి గూడు తేవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. నల్లమలలో తేనె తీసే హక్కు అక్కడి చెంచులది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ హక్కును గుర్తించింది. వాళ్లు కొండ అంచున తాడు మీద దిగి పెద్ద పెర కోస్తారు, అదీ కొంత వదిలేసి. తొర్ర ఉన్న చెట్టును నరికి పట్టణానికి అమ్మే పని వాళ్ల పద్ధతి కాదు, వాళ్ల పేరు చెప్పుకొని చేసేవాళ్లది.

చట్టం సంగతి అలా ఉంచండి. తొర్ర పడాలంటే చెట్టుకు దశాబ్దాలు పడుతుంది. ఒక కొమ్మ కొడితే ఈ గూడే కాదు, వచ్చే ఏడు అందులోకి రావలసిన చిలుక, గుడ్లగూబ, మరో ఈగల గూడు అన్నీ పోతాయి. కోసిన కొమ్మ ఆటోలో కుదుపులకు లోపల తేనె కుండలు పగిలి రాణి అందులోనే మునిగిపోతుంది. మీ చేతికొచ్చేది నాలుగు రోజుల్లో చీమలు పట్టే కట్టె.

కొత్తకోట యువరైతు

టీచర్ గారూ, మీ మాట నాకు అర్థమైంది. ఆ బేరం మానుకుంటున్నాను. కానీ గూళ్లు ఎక్కడి నుంచి రావాలి? మొదటి గూడు అందరూ ఎక్కడో ఒక చోట నుంచి తీసుకున్నదే కదా?

పాలెం కీటకశాస్త్రం

న్యాయమైన ప్రశ్న. ఇలా కూలబోయే ఇళ్లు, పడిపోయిన చెట్లు, మార్చక తప్పని మీటరు పెట్టెలు, ఇవే మొదటి గూళ్లు. ఆ తర్వాత విభజనే. కూలబోని గోడలో గూడు ఉంటే ఇంకో మార్గం ఉంది. గోడ గొట్టం నుంచి చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని ఖాళీ పెట్టెలోకి పెట్టి, పెట్టెకు అవతలి వైపు ద్వారం ఉంచాలి. ఈగలు పెట్టె లోపలి నుంచే రాకపోకలు సాగిస్తాయి. నెలలు గడిచేకొద్దీ పెట్టెను తమ ఇంటి గదిలా వాడుకొని అందులో జిగురు, తేనె పెడతాయి, కొన్నిసార్లు పడుచు రాణి అక్కడే గుడ్లు పెడుతుంది. అప్పుడు గొట్టం తీసేస్తే గోడ గూడు గోడలోనే ఉంటుంది, పెట్టె మీకు వస్తుంది. ఓపిక కావాలి.

యాభై మాత్రం మరచిపోండి. ఒక గూటి నుంచి ఏడాదికి బాగా దొరికితే పావు కిలో, అరకిలో తేనె. మన మెట్ట ప్రాంతంలో కొన్నేళ్లు ఏమీ తీయకుండా వదిలేయాల్సి వస్తుంది. పైగా అర కిలోమీటరు పరిధిలో యాభై గూళ్లు పెడితే అవి ఒకదాని తిండి ఒకటి లాక్కుంటాయి, అక్కడి మిగిలిన చిన్న ఈగలకు కూడా మిగల్చవు.

అమ్రాబాద్ అంచున

నాకైతే పెట్టె కన్నా గోడే నయం అనిపిస్తుంది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు ఉత్తరం గోడలో ఒక గూడు రాయి, దానికి పెన్సిల్ రంధ్రం పెట్టించవచ్చు కదా? మనం మూత తీసి చూడటం వాటికేం అవసరం?

మిద్దెతోట

టీచర్ గారూ, మీరు అడవి అంచున ఉండి మాట్లాడుతున్నారు. మా కాలనీలో మట్టి గోడ ఒక్కటీ లేదు, తొర్ర ఉన్న చెట్టు లేదు. సందు దొరక్క మీటరు పెట్టెల్లో పెడితే కరెంటు మనిషి వచ్చి మందు కొట్టి పోతాడు. ఇక్కడ కుండే వాటికి తొర్ర. మూత తీయవద్దన్నారు కదా, ఆ మాట మాత్రం నేను ఒప్పుకుంటాను. ఏడాదికి ఒకసారి తప్ప తీయను.

పాలెం కీటకశాస్త్రం

పానగల్లు గారి పనికి కావలసిన వివరం ఇక్కడ రాస్తున్నాను. పొగ అవసరం లేదు. కానీ గోడ విప్పగానే కూలి ఈగలు జుట్టులో, చెవుల్లో, కనుబొమల్లో దూరి కొరుకుతాయి. తలకు సన్నటి జాలీ కట్టుకోండి. రాళ్లను గడ్డపారతో కాకుండా ఉలి, చిన్న సుత్తితో ఒక్కొక్కటిగా విడదీయండి.

లోపల మధ్యలో పిల్లల గదులు గుత్తిగా ఉంటాయి. చుట్టూ తేనె కుండలు, పుప్పొడి కుండలు. పిల్లల గదులు రెండు రంగుల్లో ఉంటాయి. ముదురు గోధుమ రంగువి కొత్తవి. ఈ జాతిలో కూలి ఈగలు గదిని ద్రవంతో నింపుతాయి, రాణి దాని మీద గుడ్డు పెడుతుంది, కూలి ఈగలు గది మూసేస్తాయి. మళ్లీ తెరిచి తినిపించడం ఉండదు. కాబట్టి ఆ గది చితికితే ఆ పిల్ల పోయినట్టే. పైగా కారిన ద్రవం వాసనకు చిన్న ఫోరిడ్ ఈగలు (ఇవి తేనెటీగలు కావు, గూళ్లను పాడుచేసే వేరే రకం ఈగలు) వచ్చి గుడ్లు పెడతాయి, వాటి పురుగులు మొత్తం గూటినే తినేస్తాయి. లేత రంగువి ముదిరిన పట్టుగూళ్లు, కొంచెం గట్టిగా ఉంటాయి. వాటిని ముందు, చెంచాతో, చెయ్యి తగలకుండా పెట్టెలో పెట్టండి. చితికిన దేన్నీ లోపల పెట్టకండి.

పగిలిన తేనె కుండలు కూడా పెట్టెలోకి వద్దు. గిన్నెలోకి వేరుచేసి, వారం తర్వాత సీసా మూతలో చిన్న పుల్లలు వేసి కొంచెం కొంచెం ఇవ్వండి. పగలని పుప్పొడి కుండలు ఒకటి రెండు పెట్టవచ్చు. రాణి కనిపిస్తే గ్లాసుతో కప్పి పట్టుకోండి, వేళ్లతో కాదు. పాత గొట్టాన్ని విరగ్గొట్టి కొత్త రంధ్రం చుట్టూ అంటించండి, ఆ వాసనే వాటికి తలుపు. పెట్టెను అదే చోట, అదే ఎత్తులో చీకటి పడేదాకా ఉంచితే పొలాలకు పోయిన ఈగలన్నీ చేరతాయి. సందులన్నీ బంకమట్టితో మూసేయండి.

తర్వాత దూరం తీసుకెళ్లాలంటే రాత్రే. కిలోమీటరు దాటి తీసుకెళ్తే పాత చోటుకు తిరిగిరావు.

దేవరకొండ నర్సు

తేనె మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఈ తేనెను కంట్లో వేస్తే పొర కరుగుతుందని మా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లు చెబుతుంటారు. దయచేసి కంట్లో వేయకండి. ఇది శుభ్రపరచిన మందు కాదు, ఇందులో పుప్పొడి, సూక్ష్మజీవులు ఉంటాయి. ఏడాది నిండని పసిపిల్లలకు ఏ తేనె కూడా నాకించకూడదు.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు మంచిదని కూడా ప్రచారం ఉంది. 2020లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ కోవ ఈగల తేనెలో ట్రెహాల్యులోజ్ అనే అరుదైన చక్కెర ఎక్కువగా ఉందని చూపించారు. అది రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. అంతమాత్రాన మాత్రలు మానేసి తేనె తాగవచ్చని కాదు. మిగతా చక్కెరలూ అందులో ఉంటాయి.

మిద్దెతోట

నర్సు గారి మాటకు ఒకటి జోడిస్తాను. ఈ తేనెలో నీటి శాతం ఎక్కువ, పుల్లగా ఉంటుంది, బయట పెడితే పులుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

పానగల్లు పాతిల్లు

పని అయ్యింది. కల్వకుర్తి నుంచి పెట్టె వచ్చింది, మా దూలం ముక్కలతోనే. పాలెం గారు చెప్పిన వరుసలోనే చేశాం.

దర్వాజా పక్క రాయి కదిలించగానే వేప జిగురు, పాత బెల్లం కలిసినట్టు ఒక వాసన వచ్చింది. మూడు రాళ్ల మధ్య సందు మొత్తం నల్లటి పొరతో పూసి ఉంది, లోపలికి గాలి చొరబడకుండా. ఆ పొర చీల్చితే పిల్లల గుత్తి. శనగగింజంత తేనె కుండలు రాళ్ల అంచుల వెంట బారులు తీరి ఉన్నాయి. రాణి వెంటనే కనిపించలేదు. లేత గదులు సగం తీశాక గుత్తి అడుగున, మిగతా ఈగల కన్నా రెండింతల పొడవుగా, లేత గోధుమ రంగు పొట్ట ఈడ్చుకుంటూ చీకటి వైపు నడుస్తూ కనిపించింది. గ్లాసు పెట్టగానే పది, పదిహేను ఈగలు గ్లాసు అంచు చుట్టూ చేరాయి.

సాయంత్రానికి కొత్త రంధ్రం దగ్గర కాపలా కూర్చున్నాయి. వారం అయ్యేసరికి పాత గొట్టం ముక్కకు ముందుగా లేత రంగు జిగురుతో కొత్త అంచు కట్టాయి. ఇప్పుడు పెట్టె మా తమ్ముడి ఇంట్లో, ఉత్తరం వసారాలో ఉంది. కొత్త ఇంటికి టీచర్ గారు చెప్పిన గూడు రాయి కూడా పెట్టిస్తున్నాను, మేస్త్రీ ఒప్పుకున్నారు.

బత్తాయి తోట (కంపాసాగర్ దగ్గర)

చదివినంతసేపూ నాకు ఒకటే ప్రశ్న. మా బత్తాయి తోట బోరు షెడ్డు గోడలో ఇలాంటివి ఉన్నాయి. నీళ్లు ఆపి చెట్లను వాడబెట్టి మళ్లీ ఇచ్చాక జనవరి, ఫిబ్రవరిలో తోటంతా పూత. సరిగ్గా అప్పుడే కొత్త చిగురు మీద పురుగు వస్తుంది, మందు కొట్టాలి. వీటిని ఎలా కాపాడాలి? ఇవి ఉంటే కాయ పెరుగుతుందా?

పాలెం కీటకశాస్త్రం

కాయ గురించి నిజం చెప్పాలి. బత్తాయి తేనెటీగలు లేకపోయినా కాస్తుంది. వీటివల్ల లాభం మీ తోట మధ్య వేసే దోస, పుచ్చ, సొర, విత్తనానికి వదిలే ఉల్లి, వీటికి. పాలమూరు సీతాఫలానికి కూడా వీటితో పని లేదు, దాని పువ్వులోకి దూరేవి చిన్న పెంకు పురుగులు.

మందు విషయం. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క రసంలో కలిసి మకరందంలోకి, పుప్పొడిలోకి చేరతాయి. పూత విచ్చుకున్నాక అవి వద్దు. మొగ్గ దశలోనే పురుగును చూసుకోండి, లేదా రేకులు రాలాక కొట్టండి. మధ్యలో తప్పనిసరి అయితే ఈగలు ఇంటికి చేరాక, సాయంత్రం ఆరు దాటాక. పొడి మందులు అసలు వద్దు, పుప్పొడిలాగే కాళ్లకు అంటుకొని గూటిలోకి పోతాయి.

బత్తాయి తోట

నా తోటలో నేను ఆపగలను. పక్కన పత్తి చేను ఉంది. ఆ కౌలురైతు పొద్దున్నే కొడతాడు.

మిద్దెతోట

ఆయన్ని ముందురోజు ఫోను చేయమనండి. రాత్రి గొట్టం చివర సన్నటి ఇనుప జాలీ ముక్క కట్టేయండి, గాలి ఆడాలి. మర్నాడు పగలంతా మూసి ఉంచి, చీకటి పడ్డాక తీసేయండి. ఒక రోజు లోపలి తేనెతో గడుపుకుంటాయి. ఎండాకాలంలో మాత్రం అలా మూయకూడదు.

బత్తాయి తోట

అడిగాను. ఫోను చేస్తానన్నాడు. పొద్దున కాకుండా సాయంత్రం కొట్టడం తనకూ వీలేనట, కూలీ మనిషి దొరికితే. అది నేను చూసుకుంటానన్నాను. కల్వకుర్తి అన్నా, షెడ్డు గోడ పక్కన గొట్టంతో జతచేసే ఖాళీ పెట్టె ఒకటి చేసిపెట్టండి.

కల్వకుర్తి వడ్రంగి

చేస్తాను. గొట్టం కోసం వెనక వైపు ఇంకో రంధ్రం కావాలి. మీ గోడలో ద్వారం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి పంపండి, స్టాండు కాళ్లు దానికి తగ్గట్టు కోస్తాను.